ఫ్యాను కంటికి కాటుక

ఆ రోజు పొద్దున దేవవ్వ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం అన్నాలు తిని మేడలోని ఆడవాళ్లు సూదీ దారం పట్టుకుని బయలుదేరే వేళకు తన ముందు గదిలో కొత్త ఫ్యాను తిరుగుతుండాలి. అది చూసి వాళ్ల కాళ్లు ఎదురింటి వైపు పోకుండా తన గడప దగ్గరే ఆగిపోవాలి. ఇంతే. ఇంత చిన్న కోరికకు అంత పెద్ద రభస అవుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, దేవవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వేది.

సంగతి ఏమిటంటే, అమీర్‌పేట సందులోని ఆ పాత మేడ రెండో అంతస్తులో దేవవ్వ ఇల్లూ ఇక్బాల్ బేగం ఇల్లూ ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో రెండు చాపలు పరిస్తే నిండిపోయేంత వరండా, ఆ పక్కన మెట్లు. దేవవ్వ భర్త పర్శరాములు సిరిసిల్లలో మగ్గం నడిపినవాడు. మగ్గం వదిలి పట్నం వచ్చాక సందు మొదట్లో టైలరింగు దుకాణం పెట్టాడు. జాకెట్లకు హుక్కులు, చీరలకు ఫాల్సు, ఆ చేతిపని అంతా మేడలోని ఆడవాళ్లది. ఏళ్ల తరబడి వాళ్లు ఆ పని చేసింది దేవవ్వ ముందు గదిలోనే. చేతులు పని మీద ఉండేవి, చెవులు దేవవ్వ మీద ఉండేవి. ఏ కోడలు ఏ అత్తను ఎట్లా బోల్తా కొట్టించిందీ, ఏ పెళ్లిలో వియ్యంకుడు ఏ కూర కోసం అలిగిందీ ఆమె చెప్పుకొస్తుంటే, పైన పాత ఫ్యాను కటకటమంటూ తాళం వేసేది.

ఈ ఎండాకాలం మొదట్లో ఇక్బాల్ బేగం కొడుకు అమ్జద్ తల్లి గదికి ఒక కొత్త ఫ్యాను బిగించాడు. తెల్లగా ఉంటుంది, చప్పుడు చేయదు, కూర్చున్న చోటి నుంచే రిమోటు నొక్కితే తిరుగుతుంది, పైగా కరెంటు చాలా తక్కువ తింటుంది. పై అంతస్తు మంజుశ్రీ చూసొస్తానని వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. మంజుశ్రీని పిలుచుకొస్తానని వెళ్లిన చంద్రమ్మ కూడా అక్కడే కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఇక అడగడం, చెప్పడం లేవు. అన్నాలు కాగానే అందరూ అటే.

దేవవ్వకు కడుపులో కుమ్మరి ఆము రగిలినట్టయింది. పైకి మాత్రం, "పోనీయ్, నాకు సుత జర నిమ్మళం దొరికింది" అనేది. నిమ్మళం దొరికిన మనిషి తలుపు వేసుకుని నిద్రపోవాలి కదా. ఆమె తలుపు బార్లా తీసి, గడపకు ఎదురుగా పీట వేసుకుని, వండే పని లేకపోయినా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేది. అటువైపు నుంచి నవ్వు వినిపించినప్పుడల్లా ఒక కాయ రెండు ముక్కలయ్యేది. ఎదురింటి మీద కళ్లల్లో నిప్పులు పోసుకుని కూర్చుంటే ఎండాకాలం ఇంకొంచెం ఎక్కువగానే ఉంటుంది మరి.

అందుకే ఆ పొద్దున మొగుణ్ని దుకాణం తెరవనీయకుండా బయలుదేరదీసింది. అమీర్‌పేటలో కొంటే కబురు తమకంటే ముందు మేడ ఎక్కుతుందని పంజాగుట్ట దాకా తీసుకుపోయింది.

దుకాణదారు మర్యాద తెలిసినవాడు. స్టూలు వేసి కూర్చోబెట్టి, "గది ఎంత ఉంటదమ్మా?" అన్నాడు.

"ఇక్బాల్ బేగం గదంత."

"కప్పు ఎత్తు?"

"ఆమెదెంతనో గంతే."

అతను పర్శరాములు వైపు చూశాడు. పర్శరాములు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "ఆ అమ్మ ఏ ఫ్యాన్ తీస్కున్నదో చెప్పుండ్రి" అన్నాడు దుకాణదారు చివరికి.

"తెల్లగుంటది, సప్పుడు చెయ్యది, రిమోట్‌తోని నడుస్తది. నాకు అది వద్దు. దానికంటె మంచిది కావాలె."

అతను ఒక పెట్టె దించి, దాని మీది స్టిక్కరు చూపించాడు. "ఇది తీస్కోండ్రి. మీ పాత ఫ్యాన్ ఒక్కటి తినే కరెంటుతోని ఇసుంటివి రెండు నడుస్తయి. చూడుండ్రి, ఐదు చుక్కలు."

"బేగం దానికి ఎన్ని?"

"ఈ రకమే అయితే దానికి సుత ఐదే."

"నాకు ఆరు చుక్కలది తియ్యి."

"ఐదు మీద లేవమ్మా. అందరికీ ఐదే."

"అయితే రెక్కలన్న పెద్దయి ఇయ్యి."

"చిన్న గదికి గంత పెద్ద రెక్కలు ఎందుకమ్మా. అనవసరం" అని అతను మొదలుపెట్టాడు. "ఆయన చెప్తున్నడు గదనే" అన్నాడు పర్శరాములు. "నువ్వు ఊకో. జాకెట్టు కొలత నీకు తెలుస్తది, ఫ్యాన్ కొలత నాకు తెలుస్తది" అంది దేవవ్వ. అట్లా కంపెనీ పేరు అడగకుండా, గది కొలత చెప్పకుండా, ఉన్నవాటిలోకెల్లా పెద్ద రెక్కల ఫ్యాను కొనుక్కుని ఇల్లు చేరింది.

దుకాణం మనిషి వెంట వచ్చి బిగించాడు. పాత ఫ్యానుకు బదులుగా ఏదో తగ్గించారు కాబట్టి దాన్ని ఆటోలో వేసుకుని పోతూ, "గోడకు ఉన్న పాత రెగ్యులేటర్ తీసేసిన, దీనికి అది పనికిరాదు. గా నడుమ నల్లగ కనిపిస్తుంది సూడు, అది దీని కన్ను. రిమోట్ చెప్పింది ఆ కన్నే చూస్తది" అని చెప్పాడు.

వాడు మెట్లు దిగాడో లేదో దేవవ్వ పసుపు డబ్బా తీసింది. మగ్గాల ఇంట్లో పుట్టి మగ్గాల ఇంటికి వచ్చిన మనిషి. దసరాకు మగ్గానికీ, కుట్టుమిషనుకూ, ఆఖరికి కత్తెరకు కూడా బొట్టు పెట్టే చేతులు అవి. కొత్త యంత్రాన్ని బొట్టు లేకుండా నడపడమంటే ఆమె లెక్కలో వంటకు ఉప్పు మరిచిపోయినట్టు. పర్శరాములును స్టూలు ఎక్కించి, మూడు రెక్కలకూ పసుపు పూయించింది, కుంకుమ పెట్టించింది. రెక్కలు పళ్లేల్లాగా వెడల్పుగా ఉన్నాయని ఆమెకు ముచ్చటేసింది. ఒక్కో రెక్క మీద దోసెడు పసుపు, దోసెడు కుంకుమ, అక్షింతలు, బంతిపూల రేకులు పోయించింది.

"గిన్ని ఎందుకే" అన్నాడు పర్శరాములు పైనుంచి.

"ఎదురుంగ ఎవరున్నరో తెల్వదా. చూసేటోళ్ల కండ్లు మంచియి కావు. ఇగో, ఈ కాటుక పట్టు. దిష్టి చుక్క పెట్టు."

"ఏడ పెట్టాలె?"

దేవవ్వ ఆలోచించింది. పసిపిల్లకు బుగ్గ మీద పెడతారు, పెళ్లికూతురికి చెంప మీద పెడతారు. ఫ్యానుకు బుగ్గ లేదు, చెంప లేదు. ఉన్నది కన్ను ఒక్కటే. "కంటికే పెట్టు. మందంగ పెట్టు" అంది.

పర్శరాములు టైలరు. చెప్పిన కొలతకు ఒక నూలుపోగు తక్కువ చేసే అలవాటు లేదు. మందంగానే పెట్టాడు.

అప్పటికి ఎదురింట్లో ఆడవాళ్లు చేరినట్టు మాటలు వినిపిస్తున్నాయి. దేవవ్వ తలుపు బాగా తెరిచి, గది మధ్యలో నిలబడి, హారతి పట్టినట్టు రిమోటు పైకెత్తి నొక్కింది. ఫ్యాను కదల్లేదు. మళ్లీ నొక్కింది. కదల్లేదు.

ఆమె రిమోటును తిరగేసి పట్టుకున్నదని పర్శరాములుకూ తెలియదు. దాని మూతి పైకి చూడటం లేదు, వరండా దాటి ఎదురింటి ముందు గదిలోకి చూస్తోంది. అక్కడ ఇక్బాల్ బేగం ఫ్యాను టక్కున ఆగిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్న గొంతు చంద్రమ్మది.

"లేదక్కా, బల్బు వెలుగుతుంది" అంది మంజుశ్రీ.

ఇక్బాల్ బేగం తన రిమోటు నొక్కి ఫ్యాను నడిపించింది. ఇటు దేవవ్వ మరో మీట నొక్కింది. అక్కడి ఫ్యాను ఒక్కసారిగా జోరందుకుని, ఫాల్సు వేయడానికి విప్పి పెట్టిన చీర కొంగును ఎత్తి చంద్రమ్మ మొహం మీద కప్పింది. బేగం తగ్గించింది, దేవవ్వ పెంచింది. బేగం నడిపించింది, దేవవ్వ ఆపింది. దేవవ్వకు తెలిసిందల్లా తన నెత్తి మీది ఫ్యాను గుడ్డిదానిలా చూస్తూ ఊరుకోవడం, ఎదురింట్లో గోల పెరగడం.

"వాళ్లది చెడిపోయినట్టుంది" అన్నాడు పర్శరాములు చెవి ఒగ్గి.

దేవవ్వ మొహం విప్పారింది. ఇన్నాళ్లూ దేవుడు తన మాట వినడం లేదనుకుంది. విన్నాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా విన్నాడు. ఆ సంతోషంలో ఇంకో రెండు మీటలు నొక్కింది.

కాసేపటికి చెమటలు కక్కుకుంటూ ఆడవాళ్లు వరండాలోకి వచ్చారు. చంద్రమ్మ దేవవ్వ గడప దగ్గర నిలబడి, "అవ్వా, బేగమక్క ఫ్యాన్‌కు ఏదో గాలి సోకింది. మీ పాత ఫ్యానే నయం. జర వేయి, కూసుంటం" అంది.

ఎన్ని రోజుల నుంచి ఎదురుచూసిన మాట అది. దేవవ్వ చాప పరిచింది. పరిచాక పైకి చూసింది. పాత ఫ్యాను ఈపాటికి ఆటోలో పంజాగుట్ట చేరి ఉంటుంది. కొత్తది కుంకుమ బొట్లతో కదలకుండా ఉంది.

"అబ్బ, కొత్తది తెచ్చినవా అవ్వా" అంది మంజుశ్రీ. "ఎంత పెద్దగున్నదో. వేయరాదు."

"వేసే ఉన్నది" అంది దేవవ్వ. నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

అందరూ తలలెత్తి చూశారు. "తిరుగుత లేదు గదా" అంది మంజుశ్రీ నెమ్మదిగా.

"అది పెద్ద రకం. మెల్లగ అందుకుంటది. కరెంటు మస్తు తక్కువ తింటది తెలుసా."

"తిరగకుంట ఉంటే ఇంక తక్కువ తింటది" అంది చంద్రమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

అంతలో ఎదురింటి నుంచి ఇక్బాల్ బేగం కేకేసింది. "రాండ్రి, మంచిగైంది. నడుస్తుంది." ఇటు ఎవరూ నొక్కడం లేదు కాబట్టి నడవక ఏమవుతుంది. ఆడవాళ్లు సర్దుకుని లేచారు. దేవవ్వకు ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు పోతే ఇక ఈ గడప తొక్కరు. చేతిలో ఉన్నది ఒక్క రిమోటే. దాన్ని గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఇష్టదేవతను తలుచుకుని నొక్కింది.

ఎదురింటి ఫ్యాను ఆగిపోయింది. వరండాలో సగం దూరం వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగారు. బేగం మళ్లీ నడిపించి పిలిచింది. వాళ్లు అటు తిరిగారు. దేవవ్వ నొక్కింది. వాళ్లు ఇటు తిరిగారు. మధ్యలో ఒక్క మంజుశ్రీ ఆగిపోయి, దేవవ్వ వేలినీ ఎదురింటి ఫ్యానునూ మార్చి మార్చి చూసింది.

"అవ్వా, నువ్వు నొక్కినప్పుడే అది బంద్ అయితుంది."

ఆ మాట గడప దాటి బేగం చెవిన పడింది. ఓణీ సర్దుకుంటూ, చేతిలో తన రిమోటుతో ఆమె వచ్చేసింది, వెనకే మిగతావాళ్లూ లోపలికి చేరారు. "దేవక్కా, ఇన్నేండ్ల సంది ఎదురెదురుంగ ఉంటున్నం. ఏం మంత్రం పెట్టినవ్ నా ఫ్యాన్‌కు?"

"నేను పెట్టుడేంది? నీ దిష్టి తగిలే నా ఫ్యాన్ కదుల్త లేదు. తెచ్చి పూట గాలే."

"నువ్వు తెచ్చినట్టు నాకు తెల్వనే తెల్వదు. తెల్వనిదానికి దిష్టి ఎట్ల పెట్టాలె? జర నువ్వే చెప్పు."

దేవవ్వ చాప చూపించింది. "కూసో ముందు" అంది. బేగం సరిగ్గా ఫ్యాను కింద కూర్చుని, తలెత్తి, కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"దేవక్కా, నడుమ గా నల్లది ఏంది?"

"దిష్టి చుక్క."

"ఏడ పెట్టినవ్?"

"కంటికి."

"యా అల్లా" అంది బేగం మెల్లగా. "పిల్లకు కాటుక రెప్పకు పెడ్తరు గని, కన్ను మూసుకపోయేటట్టు గుడ్డు మీద పూస్తరా ఎవరన్న? దానికి కనిపిస్తేనే గదా తిరిగేది."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే దేవవ్వకు కొంత బాగుండేది. పర్శరాములు కొలబద్దకు బట్ట ముక్క చుట్టి, స్టూలు ఎక్కి, ఆ కాటుకను శుభ్రంగా తుడిచి, దిగి, స్టూలు పక్కన పెట్టాడు.

ఇక ఇక్కడ తొందరపడింది ఎవరు అంటే ఇద్దరూ. తన ఫ్యానును తానే నడిపించాలని దేవవ్వ నొక్కింది, చేతిలో అటూఇటూ తిరిగిన రిమోటు మూతి ఈసారి పైకే ఉంది. బాగు చేసింది తానే కాబట్టి తానే నడిపించాలని బేగం నొక్కింది. రెండూ ఒకే కంపెనీ ఫ్యాన్లు, ఏ రిమోటుకైనా పలుకుతాయి; దీనికి చూపు కొత్తగా వచ్చింది, ఇద్దరి మాటా విన్నది. దేవవ్వ నొక్కినదానికి లేచింది, బేగం నొక్కినదానికి ఉన్న వేగమంతా అందుకుంది.

మూడు రెక్కల మీది పసుపూ, మూడు రెక్కల మీది కుంకుమా, అక్షింతలూ, బంతిరేకులూ గది నాలుగు మూలలకూ సమానంగా పంచబడ్డాయి. చిన్న గదికి పెద్ద రెక్కలు ఎందుకన్న దుకాణదారు అక్కడ ఉంటే వాటి ఉపయోగం చూసేవాడు. ఒక్కరిని కూడా వదల్లేదు. చంద్రమ్మ నోరు తెరిచి ఉండడంతో ఆమెకు లోపల కూడా అందింది. కుట్టాల్సిన జాకెట్ల మూట పసుపుపచ్చగా అయిపోయింది. పర్శరాములు స్టూలును గొడుగులా నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరో రిమోటు వెతికి ఫ్యాను ఆపేసరికి, ఎదురింటిదీ దానితో పాటే ఆగిపోయింది.

దుమ్ము సర్దుకున్నాక ఇక్బాల్ బేగం కనిపించింది. నెత్తి మీద బంతిరేకులు, అద్దాల మీద కుంకుమ, తెల్ల ఓణీ పసుపు. అయిపోయింది, ఇక ఈ మనిషి నాలుగిళ్లలో చెప్పి నవ్విస్తుంది, ఆడవాళ్లు ఆ నవ్వు వెంటే పోతారు, ఈ గదిలో ఇక చిక్కుడుకాయలూ నేనూ మిగులుతాం అనుకుంది దేవవ్వ.

బేగం అద్దాలు తీసి ఓణీకి తుడుచుకుంది. ఓణీకే పసుపు ఉండడంతో అవి ఇంకా పచ్చగా అయ్యాయి. "నా పెండ్లిల మాంఝా నాడు నలుగు పెట్టినప్పుడు సుత గింత పసుపు పడలే నా మీద" అంది.

మొదట నవ్వింది మంజుశ్రీ. తర్వాత చంద్రమ్మ, దగ్గుతూనే. "పెండ్లి జాకెట్లే గద, పసుపు పడితే మంచిదే" అంది. పర్శరాములు మాత్రం మూట విప్పి చూసుకుని నవ్వలేదు.

"నీకు నా మీద కోపం లేదా బేగం?" అంది దేవవ్వ.

"కోపమా? నాకు నీ మీద కడుపుమంట, దేవక్కా. ఈ ఎండాకాలమంత అదే మంట." బేగం తల మీది రేకులు ఒక్కొక్కటే తీసి చాప మీద పెడుతోంది. "నా ఇంట్ల సల్లటి ఫ్యాన్ కింద కూసుంటరు, నా చాయ్ తాగుతరు. కూసొని నీ ముచ్చట చెప్తరు. మొన్న నేనే మా మేనమామ పెండ్లి కిస్సా చెప్పిన. ఈ చంద్రమ్మ అంతా విని ఏమన్నదో తెలుసా? మంచిగుంది గని బేగమక్కా, గిదే దేవవ్వ చెప్తే పొట్ట చెక్కలయితుండె అన్నది. ఏమన్న అంటినా? గప్‌చుప్ కూసున్న. గంత తక్కువ కరెంటు తినే ఫ్యాన్ కింద నేను ఎంత ఉడికిపోయిన్నో నాకే తెలుసు."

చంద్రమ్మ హుక్కు కోసం వెతుకుతున్నట్టు చాప కింద చూసింది.

ఐదు చుక్కల ఫ్యాను ఆగిపోయి ఉన్న గదిలో, ఎండాకాలం మధ్యాహ్నం, దేవవ్వకు అరికాలి నుంచి నడినెత్తి దాకా చల్లగా అయింది. మెల్లగా జరిగి బేగం జడలోంచి తాను కూడా ఒక రేకు తీసింది. "ఏ మేనమామ? పగిడీ ఊడిపోయినాయననా?" అంది. "ఆ కిస్సా అసలు ఎట్ల చెప్పాలెనంటే" అని మొదలుపెట్టింది కూడా.

సఖ్యత కుదిరింది. ఎవరింట్లో కూర్చోవాలన్నది మాత్రం కుదరలేదు. "అందరు రేపటి సంది ఇటే రాండ్రి, కొత్త ఫ్యాన్" అంది దేవవ్వ. "కొత్తదేంది, నాది సుత కొత్తదే, పైగ నాది మంది మీద పసుపు పోయది" అంది బేగం. మర్నాడు ఇద్దరూ పోటాపోటీగా ఫ్యాన్లు వేసి, చాపలు పరిచి, గడపల్లో నిలబడ్డారు. ఎవరింట్లోకి పోతే ఎవరికి కోపమోనని చంద్రమ్మా మంజుశ్రీ వరండాలోనే మూటలు విప్పారు. వాళ్ల దగ్గరికి దేవవ్వ వచ్చి కూర్చుంది, దేవవ్వ కథ మధ్యలో సరిదిద్దడానికి బేగం వచ్చి కూర్చుంది.

లేచి వెళ్లి తన ఫ్యాను ఆపుదామంటే రెండోది కూడా ఆగి మళ్లీ తగవవుతుంది, పైగా ముందు ఆపినవాళ్లదే ఓటమి అవుతుంది. అందుకని కరెంటు మిగల్చడానికి తెచ్చిన ఆ రెండు ఫ్యాన్లూ ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం ఖాళీ గదుల్లో చప్పుడు లేకుండా తిరుగుతుంటాయి, వరండాలో మాత్రం అందరూ అట్టముక్కలతో విసురుకుంటుంటారు.